వరదలో పోయిన గేదెకు ప్రభుత్వ సాయం: లెక్క ఎక్కడ మొదలవుతుంది, ఎక్కడ ఆగిపోతుంది

2024 సెప్టెంబరు మొదటి వారంలో బుడమేరు విజయవాడను, మున్నేరు ఖమ్మాన్ని ముంచెత్తాయి. ప్రకాశం బ్యారేజీ చరిత్రలో ఎన్నడూ లేనంతగా 11 లక్షల 43 వేల క్యూసెక్కుల నీరు దిగువకు పోటెత్తడంతో కృష్ణా లంక గ్రామాలు మునిగాయి. నగరంలో మునిగిన ఇళ్ల బొమ్మలు దేశమంతా చూసింది. పల్లెల్లో మునిగిన కొట్టాలను చూసినవారు తక్కువ. అర్ధరాత్రి నీరు పెరిగినప్పుడు మనుషులు పిల్లలను, ముసలివారిని మిద్దెల మీదికి చేర్చి ఊపిరి పీల్చుకునేసరికి కొట్టంలో పలుపుతో కట్టి ఉన్న గేదె మోర ఎత్తి మెడ దాకా నీళ్లలో నిలబడి ఉంటుంది. పలుపు కోసిన పశువు ఈదుకుని ఏ మెరక మీదికో చేరుతుంది, కోయడానికి మనిషి వెళ్లలేకపోయిన పశువు కట్టుగుంజ దగ్గరే చనిపోతుంది. నీరు తీసిన తర్వాత రైతుకు మిగిలేది ఆ గుంజ, దానికి బిగుసుకుపోయిన పలుపు, పాల సంఘంలో పాల మీద తీసుకున్న అప్పు.

ఆ తర్వాత అధికారులు నష్టం రాసుకోవడానికి వస్తారు. ఊళ్లో తగవులు అప్పుడే పుడతాయి. ఒకే వీధిలో ఒక గేదె పోయినవారికి డబ్బు పడుతుంది, మూడు పోయినవారి పేరు జాబితాలో కనిపించదు. వంద గొర్రెలు పోయిన కాపరికి వచ్చిన మొత్తం, నాలుగు గేదెలు పోయిన రైతుకు వచ్చిన మొత్తంతో ఇంచుమించు సమానంగా ఉంటుంది. వీటిలో కొన్ని కింది స్థాయి పొరపాట్ల వల్ల జరుగుతాయన్నది నిజమే. కానీ ఎక్కువ భాగం నిబంధనలను సక్రమంగా అమలు చేసినందువల్లే జరుగుతాయి. అందువల్ల ఆ నిబంధనలు ఏమిటో, వాటి వెనుక ఉన్న ఆలోచన ఏమిటో ముందు తెలియాలి.

సాయం వేరు, పరిహారం వేరు

వార్తల్లో "నష్టపరిహారం" అనే మాట వాడుకలో ఉన్నా, విపత్తు నిధి నుంచి వచ్చే డబ్బు చట్టం దృష్టిలో పరిహారం కాదు. పరిహారం అంటే పోయినదాని విలువను తిరిగి చెల్లించడం. సాయం అంటే కుటుంబం మళ్లీ నిలదొక్కుకోవడానికి ఇచ్చే ఆసరా. విపత్తు నిధుల నుంచి ఇచ్చేది తక్షణ సహాయమే తప్ప నష్టానికి పరిహారం కాదని కేంద్ర ప్రభుత్వం మొదటి నుంచీ చెబుతూనే ఉంది. "నా గేదె ఖరీదు తొంభై వేలు, ముప్పై ఏడు వేలే ఇచ్చారేమిటి" అన్న రైతు ప్రశ్నకు నిబంధనల పుస్తకంలో జవాబు లేకపోవడానికి కారణం ఇదే. గేదె ఖరీదు ఎంత అన్న ప్రశ్నను ఆ పుస్తకం అసలు అడగదు.

ఈ డబ్బు రాష్ట్ర విపత్తు స్పందన నిధి నుంచి వస్తుంది. వాడుకలో దీన్ని ఎస్‌డీఆర్‌ఎఫ్ అంటారు. 2005 నాటి విపత్తు నిర్వహణ చట్టం కింద ఏర్పడిన ఈ నిధిలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ వంటి రాష్ట్రాలకు కేంద్రం 75 శాతం, రాష్ట్రం 25 శాతం వేస్తాయి. విపత్తు తీవ్రమై ఈ నిధి చాలకపోతే జాతీయ విపత్తు స్పందన నిధి నుంచి అదనంగా ఇస్తారు. ఏ నష్టానికి ఎంత ఇవ్వవచ్చో కేంద్ర హోం శాఖ దేశమంతటికీ ఒకే పట్టికగా నిర్ణయిస్తుంది. 2022-23 నుంచి 2025-26 వరకు వర్తించేలా 2022 అక్టోబరులో ఇచ్చిన పట్టికే 2024 వరదల నాటికి అమలులో ఉన్నది.

ఏ పశువుకు ఎంత

ఆ పట్టిక ప్రకారం ఆవు, గేదె వంటి పెద్ద పాడి పశువు చనిపోతే 37,500 రూపాయలు, గొర్రె, మేక, పంది చనిపోతే 4,000 రూపాయలు ఇస్తారు. దుక్కిటెద్దు, బండి లాగే పెద్ద పశువుకు 32,000 రూపాయలు, దూడ, పెయ్య, గాడిద వంటివాటికి 20,000 రూపాయలు. కోడికి 100 రూపాయల చొప్పున ఇస్తారు గానీ కుటుంబానికి మొత్తం 10,000 రూపాయలు మించకూడదు. అంతకు ముందు 2015 నుంచి అమలైన పట్టికలో పాడి పశువుకు 30,000, గొర్రెకు 3,000 రూపాయలు ఉండేవి.

అంకెలకంటే ముఖ్యమైన మాట ఒకటి ఆ నిబంధనలోనే ఉంది. "ఆర్థికంగా ఉత్పాదకత ఉన్న" పశువుల నష్టానికే సాయాన్ని పరిమితం చేయవచ్చు అన్నది ఆ మాట. కాగితం మీద చదివితే ఇది సబబుగానే కనిపిస్తుంది, కొట్టంలోకి వెళ్తే చిక్కుముడి అవుతుంది. ఈనిన గేదె కొన్ని నెలలు పాలిచ్చి, వట్టిపోయి, మళ్లీ చూడి కట్టి, మళ్లీ ఈనుతుంది. వట్టిపోయిన నెలల్లో అది పాలివ్వదు, కానీ రేపటి పాడి అంతా దాని కడుపులోనే ఉంటుంది. నిండు చూడితో ఉన్న పడ్డ సంగతి ఇంకా విచిత్రం. సంతలో దానికి మంచి ధర పలుకుతుంది, ఎందుకంటే కొన్నవాడికి కొద్ది రోజుల్లోనే దూడా పాలూ రెండూ దక్కుతాయి. పట్టికలో మాత్రం ఒక్కసారి కూడా ఈనలేదు కాబట్టి పెయ్యల వరుసలో చేర్చితే 20,000, పాడి పశువుగా రాస్తే 37,500. ఆ తేడా రాసే అధికారి కలం మీద ఆధారపడుతుంది. ఈ ఒక్క చోట పట్టిక ఇంకొంచెం వివరంగా ఉండి ఉంటే ఎన్నో తగవులు తప్పేవని నా అభిప్రాయం.

మూడు గేదెలు లేదా ముప్పై గొర్రెలు

నిబంధనల్లో అందరికంటే కాపరులను ఎక్కువగా దెబ్బతీసేది పరిమితి. ఎన్ని పశువులు పోయినా ఒక కుటుంబానికి మూడు పెద్ద పాడి పశువులకు, లేదా ముప్పై చిన్న పశువులకు, లేదా మూడు పెద్ద దుక్కి పశువులకు, లేదా దూడ, గాడిద వంటి ఆరు చిన్న దుక్కి పశువులకు మించి సాయం ఇవ్వకూడదు. దీన్ని రెండు ఉదాహరణలతో చూద్దాం. మార్కెట్ ధరలు నేను లెక్క కోసం అనుకున్నవి, సాయం అంకెలు పట్టికలోనివి.

మొదటి కుటుంబానికి నాలుగు గేదెలున్నాయి, నాలుగూ పోయాయి. ఒక్కొక్కటి 90,000 అనుకుంటే నష్టం 3,60,000 రూపాయలు. పరిమితి వల్ల మూడింటికే లెక్క, అంటే 1,12,500 రూపాయలు. పోయిన విలువలో ఇది 31 శాతం.

రెండో కుటుంబం గొర్రెల కాపరులది. 180 గొర్రెల మందలో 110 పోయాయి. ఒక్కొక్కటి 8,000 అనుకుంటే నష్టం 8,80,000 రూపాయలు. పరిమితి వల్ల ముప్పై గొర్రెలకే లెక్క, అంటే 1,20,000 రూపాయలు. ఇది 14 శాతం కూడా కాదు. మిగిలిన 80 గొర్రెల మాట ప్రభుత్వ లెక్కలోకే రాదు.

రెండు కుటుంబాలకూ వచ్చిన మొత్తాలు దాదాపు సమానంగా ఉండటం యాదృచ్ఛికం కాదు. ఒక పెద్ద పశువుకు పది చిన్న పశువులు సమానమన్న పాత లెక్క మీద ఈ పరిమితిని కట్టారు. సంతలో పది గొర్రెలు ఒక గేదెకు సమానం కావచ్చు, తప్పు అక్కడ లేదు. తేడా బతుకు పద్ధతిలో ఉంది. మూడు గేదెలున్న ఇల్లు మన ఊళ్లలో ఓ మోస్తరు పాడి ఉన్న ఇల్లు, చాలా కుటుంబాలకు ఆ మూడే సర్వస్వం. ముప్పై గొర్రెలతో మాత్రం ఏ కాపరీ మంద నడపడు. మేత కోసం ఊళ్లు దాటి తిప్పాలంటే, కాపలాకు మనిషిని పెట్టాలంటే, కుక్కలను మేపాలంటే వందకు అటూఇటూ ఉండాలి. కాబట్టి ఒకే పరిమితి పాడి రైతు ఆస్తిని దాదాపు పూర్తిగా లెక్కలోకి తీసుకుంటే, కాపరి ఆస్తిలో నాలుగో వంతు దగ్గరే ఆగిపోతుంది.

పరిమితిని సమర్థించేవారి వాదన కూడా వినదగినదే. విపత్తు నిధి పెద్దదైనా అంతులేనిది కాదు. అందులోంచే ఇళ్లకు, పంటలకు, మృతుల కుటుంబాలకు, రోడ్ల మరమ్మతులకు ఇవ్వాలి. ఎంత పోతే అంత ఇచ్చేటట్లయితే నిధిలో పెద్ద భాగం పెద్ద మందలున్నవారికే పోతుంది, ఒకే గేదె ఉన్న పేద కుటుంబం వాటా తగ్గుతుంది. దొంగ లెక్కల భయం కూడా ఉంది: నీటిలో కొట్టుకుపోయిన మందలో ముప్పై ఉన్నాయా మూడు వందలున్నాయా అని తేల్చడం కష్టం, పరిమితి ఉంటే అబద్ధం చెప్పి లాభం లేదు. కాపరుల వైపు నుంచి దీనికి ఒక జవాబు ఉంది. భయం లెక్క గురించి అయితే లెక్కను సరిచేయాలి, మంద మొత్తాన్ని విడిచిపెట్టకూడదు అన్నది ఆ జవాబు. మధ్యేమార్గంగా మొదటి ముప్పైకి పూర్తి సాయం, ఆపైన తక్కువ రేటు ఇవ్వవచ్చు. పట్టికలో అలాంటి మెట్లు లేవు.

కోళ్ల విషయంలో పరిమితి మరీ బిగువు. 6,000 బ్రాయిలర్ కోళ్లున్న షెడ్డు మునిగితే వచ్చేది 10,000 రూపాయలు, అంటే కోడికి రెండు రూపాయలు కూడా కాదు. ఇంటి వెనుక గంపలో కోళ్లు పెంచుకునే కుటుంబాన్ని దృష్టిలో పెట్టుకుని రాసిన నిబంధన ఇది. పైగా చాలా షెడ్లలో కోడిపిల్లలు, మేత కంపెనీవి, రైతుకు దక్కేది పెంపకం కూలి మాత్రమే. అక్కడ చనిపోయిన కోడి ఎవరి ఆస్తి అన్నది వేరే ప్రశ్న. సగపాలుకు మేపే గేదెల విషయంలోనూ ఇదే చిక్కు. గేదె ఒకరిది, చాకిరీ మరొకరిది, జాబితాలో పేరు ఒక్కరిదే.

ఒకే వరద, వేర్వేరు ధరలు

కేంద్ర పట్టిక ఎస్‌డీఆర్‌ఎఫ్ నుంచి ఖర్చు చేయదగిన మొత్తాన్ని నిర్ణయిస్తుంది. అంతకు మించి ఇవ్వదలచుకున్న రాష్ట్రం తన సొంత ఖజానా నుంచి ఇచ్చుకోవచ్చు. 2024 వరదల తర్వాత రెండు తెలుగు రాష్ట్రాలూ ఇదే చేశాయి. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం పాడి పశువుకు 50,000, ఎద్దుకు 40,000, గొర్రెకు 7,500 రూపాయలు ప్రకటించింది. తెలంగాణలో ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి పాడి పశువుకు ఇచ్చే సాయాన్ని 50,000కు, గొర్రె, మేకకు ఇచ్చేదాన్ని 5,000కు పెంచాలని ఆదేశించారు.

ఒక ఉదాహరణ: పైన చెప్పిన కాపరికి ముప్పై గొర్రెల పరిమితిని అలాగే ఉంచి లెక్కిస్తే కేంద్ర పట్టిక ప్రకారం 1,20,000, తెలంగాణ రేటు ప్రకారం 1,50,000, ఆంధ్రప్రదేశ్ రేటు ప్రకారం 2,25,000 రూపాయలు వస్తాయి. ఖమ్మం, ఎన్టీఆర్ జిల్లాలు పక్కపక్కనే ఉన్నాయి, అక్కడ మందలు సరిహద్దు దాటి మేయడం కొత్త కాదు.

రాష్ట్రాలు రేటు పెంచడం బాధితులకు మేలు చేసింది, అందులో సందేహం లేదు. అయితే ఆ పెంపు ప్రభుత్వం ఆ వరదకు ఇచ్చిన ప్రత్యేక ప్యాకేజీ. పత్రికల్లో మొదటి పేజీకెక్కిన వరదలో గేదె పోతే 50,000, వచ్చే ఏడాది ఎవరూ పట్టించుకోని చిన్న వాగు పొంగి గేదె పోతే 37,500 అయ్యే అవకాశం ఉంటుంది. కేంద్ర పట్టికను సమర్థించేవారు చూపే బలమైన కారణం ఇదే: రేటు తక్కువైనా ఎక్కడ జరిగినా, ఎవరికి జరిగినా ఒకటే.

చావుకు సాక్ష్యం

రేటు, పరిమితి తెలిసిన తర్వాత కూడా సాయం అందాలంటే పశువు చనిపోయిందని తేలాలి. సాధారణంగా రెవెన్యూ సిబ్బంది, పశువైద్యాధికారి వచ్చి కళేబరాన్ని చూసి, ఊరివారి సాక్ష్యంతో పంచనామా రాస్తారు, ఫొటో తీస్తారు, చెవిపోగు నంబరు నమోదు చేస్తారు. పన్నెండు అంకెల ఆ పసుపు పచ్చ చెవిపోగు ఇప్పుడు పశువుకు ఆధార్ వంటిది. పోగు ఉన్న పశువు వివరాలు, యజమాని పేరు ముందే నమోదై ఉంటాయి కాబట్టి తగవు తక్కువ.

వరదలో సాక్ష్యమే కొట్టుకుపోతుంది. కళేబరం పది మైళ్ల దిగువన ఏ ముళ్లకంపలోనో తేలితే అది ఎవరిదో చెప్పేవారుండరు. కొట్టుకుపోకుండా దొరికిన కళేబరాన్ని కూడా అధికారి వచ్చేదాకా ఉంచడం ప్రమాదం. ఎండ పడిన రెండో రోజుకే ఉబ్బి, కుళ్లి, బావి నీటిని పాడుచేస్తుంది. ఊరి ఆరోగ్యం కోసం సున్నం, ఉప్పు చల్లి వెంటనే పూడ్చిన రైతు తన సాయానికి ఆధారాన్ని తానే పూడ్చుకున్నవాడవుతాడు. ప్రజారోగ్యం కోరేదీ, ఖజానా కోరేదీ ఇక్కడ ఎదురెదురుగా నిలుస్తాయి. ఖజానా పక్షాన ఉన్నవారు సాక్ష్యం లేకుండా ఇస్తే దొంగ పేర్లు చేరతాయంటారు. పశువైద్యుల పక్షాన ఆలోచిస్తే సంఘానికి పోసిన పాల లెక్క, టీకాల రికార్డు, చెవిపోగు నమోదు, ఫోనులో తీసిన ఫొటో వంటివి కలిపి చూస్తే కళేబరం లేకపోయినా నిజం తేల్చవచ్చు. గొర్రెల విషయంలో ఇది ఇంకా కష్టం. ప్రతి గొర్రెకూ పోగు ఉండదు, కాపరి మందను రంగుతో, మచ్చతో, నడకతో గుర్తు పడతాడు. ఆ గుర్తుకు ఏ దరఖాస్తులోనూ గడి లేదు.

ఏది విపత్తు, ఏది కాదు

పై పట్టిక వర్తించాలంటే పశువు చావుకు కారణం గుర్తించిన విపత్తు కావాలి. తుపాను, కరవు, భూకంపం, అగ్నిప్రమాదం, వరద, సునామీ, వడగళ్లు, కొండచరియలు, మేఘ విస్ఫోటం వంటివి 2022 నాటి ఆ జాతీయ జాబితాలో ఉన్నాయి. పిడుగు, వడగాడ్పు లేవు. అలాంటివాటిని రాష్ట్రం తన ప్రత్యేక విపత్తులుగా ప్రకటించి నిధిలో పది శాతం వరకు వాడుకోవచ్చు. 2025లో తెలంగాణ వడగాడ్పును ఈ విధంగానే చేర్చింది.

రోగం మరో గీత. నీరు తీసిన రెండు మూడు వారాలకు గొంతువాపు సోకి గేదె చనిపోతే, వరద బురదే ఆ రోగానికి దారి తీసిందని ఊరంతటికీ తెలిసినా, కాగితం మీద కారణం రోగం. బర్డ్ ఫ్లూకు వేరే పథకం ఉంది. వ్యాప్తిని అరికట్టడానికి ప్రభుత్వం చంపించిన కోళ్లకు కేంద్రం, రాష్ట్రం చెరిసగం భరించి పరిహారం ఇస్తాయి. అందుకే విపత్తు పట్టిక ఆ కోళ్లను మినహాయించింది. 2025 ఫిబ్రవరిలో ఉభయ గోదావరి జిల్లాల్లో ఈ వ్యాధి వచ్చినప్పుడు అమలులోకి వచ్చింది ఆ పథకమే. అధికారులు రాకముందే రోగంతో చచ్చిన కోళ్లకు అందులోనూ చోటు లేదు.

కరవు వీటన్నిటికంటే భిన్నం. వరద ఒక్క రాత్రిలో చంపుతుంది, కరవు పశువును రైతు చేతే అమ్మిస్తుంది. గడ్డి లేక సగం ధరకు సంతకు తోలిన ఎద్దు చనిపోలేదు కాబట్టి నష్టం కింద రాదు. కరవుకు పట్టికలో ఉన్నది పశు శిబిరాల్లో మేత ఖర్చు: పెద్ద పశువుకు రోజుకు 80, చిన్నదానికి 45 రూపాయలు. ఒక గేదెకు నెల రోజులకు 2,400 రూపాయలవుతుంది. గేదె చనిపోయాక ఇచ్చే 37,500తో పోలిస్తే పదిహేను నెలల మేత. చనిపోయాక ఇచ్చేదానికంటే చనిపోకుండా ఆపడం ఎంత చౌకో ఈ భాగహారమే చెబుతుంది. శిబిరాలకు మాత్రం కాలపరిమితి ఉంటుంది.

ధరలో వాటా ఇచ్చే పద్ధతి

స్థిరమైన రేటుకు బదులు మార్కెట్ ధరలో వాటా ఇస్తే ఎలా ఉంటుందో తెలుసుకోవడానికి అమెరికా పద్ధతి పనికివస్తుంది. అక్కడ కౌంటీ, అంటే ఇంచుమించు మన జిల్లా, స్థాయిలో వ్యవసాయ శాఖ కార్యాలయం ఉంటుంది, రైతులు ఎన్నుకున్న రైతుల కమిటీ దరఖాస్తులను పరిశీలిస్తుంది. మంచు తుపాను, వరద, కార్చిచ్చు వంటివాటికి పశువు చనిపోతే ఆ తరగతి పశువు సగటు మార్కెట్ ధరలో 75 శాతం చెల్లిస్తారు. మందలో మామూలుగానే చనిపోయే కొన్నిటిని ముందే తీసివేసి లెక్క కడతారు. మన 90,000 గేదెకు ఆ సూత్రం వర్తిస్తే 67,500 వస్తుంది. కరవుకు వారు చావును చూడరు: కౌంటీలో ఏ కొంత భాగమైనా కరవు పటంలో తీవ్ర స్థాయికి చేరితే అక్కడి పచ్చిక మీద ఆధారపడిన పశువుల మేత ఖర్చులో 60 శాతం చొప్పున కొన్ని నెలలకు చెల్లిస్తారు.

ఈ పద్ధతి ఆకర్షణీయంగా కనిపిస్తుంది గానీ దానికీ లోపాలున్నాయి. గీత కౌంటీ సరిహద్దు దగ్గర ఆగుతుంది కాబట్టి కంచెకు ఇటువైపు పొలానికి డబ్బు, అటువైపు అంతే ఎండిన పొలానికి ఏమీ లేదు. 2013 అక్టోబరులో దక్షిణ డకోటాలో అకాల మంచు తుపానుకు వేలాది పశువులు చనిపోయినప్పుడు ఆ పథకం గడువు తీరిపోయి ఉంది. 2014 ఫిబ్రవరిలో కొత్త చట్టం వచ్చాకే వెనుకటి తేదీ నుంచి చెల్లింపులు మొదలయ్యాయి. పైగా ధర ప్రకారం చెల్లించాలంటే ప్రతి తరగతి పశువుకు నమ్మదగిన ధరల సమాచారం కావాలి. మన సంతల్లో గేదె ధర తువ్వాలు కింద వేళ్లతో కుదిరే బేరం, రసీదు మీద రాసే అంకె కాదు.

బీమాతో పొత్తు

మన దేశంలో విలువకు దగ్గరగా చెల్లించే బాధ్యతను ప్రభుత్వం బీమాకు అప్పగించింది. జాతీయ పశుధన మిషన్ కింద 2024 ఫిబ్రవరిలో చేసిన మార్పుతో రైతు ప్రీమియంలో 15 శాతం కడితే చాలు, మిగతాది కేంద్రం, రాష్ట్రం భరిస్తాయి. ఒక కుటుంబం పది పశు యూనిట్ల వరకు బీమా చేయించుకోవచ్చు. ఒక యూనిట్ అంటే ఒక పెద్ద పశువు లేదా పది గొర్రెలు, కాబట్టి పది యూనిట్లంటే వంద గొర్రెల మంద. విపత్తు పట్టిక ముప్పై దగ్గర ఆగితే బీమా వంద దాకా వెళ్తుంది. అందువల్ల పెద్ద మందలకు బీమాయే దారి అనేవారి మాటలో బలముంది.

కానీ బీమా గొర్రె చెవికి పోగు అడుగుతుంది, పశువైద్యుడి ధ్రువీకరణ అడుగుతుంది, చనిపోయినప్పుడు ఆ పోగును చూపించమంటుంది. ఎండాకాలంలో మహబూబ్‌నగర్ వైపు నుంచి కృష్ణా, గోదావరి ఆయకట్టుకు మందలను తోలుకొచ్చే కాపరి నెలల తరబడి సొంత ఊళ్లో ఉండడు. వరద వచ్చిన మండలంలో అతని పేరు రేషను కార్డులో ఉండదు, పేరున్న మండలంలో వరద రాలేదు. నష్టం రాసుకునే అధికారి ఇంటింటికీ తిరిగి కుటుంబాల వారీగా జాబితా తయారు చేస్తాడు. వరి కోసిన పొలంలో వల కట్టి, చుట్టూ మందను పడుకోబెట్టి, మధ్యలో నులక మంచం వేసుకున్న మనిషికి ఆ జాబితాలో రాయడానికి ఇంటి నంబరు లేదు.